ఊడిన పన్నుకు ఆరు నెలల గడువు

గుడిమెళ్ళపాడు పురపాలక సంఘం పరిధిలో ఇకమీదట ఒక్క పన్ను కూడా ఊడకూడదని తీర్మానం చేసిన రోజున, ఆ తీర్మానాన్ని కాగితం మీద పెట్టింది నేనే. రాస్తూ రాస్తూ మీటింగులో పెట్టిన కాజా కొరికాను. కింది దవడలో కుడివైపు, చివరి నుంచి రెండో పన్ను జివ్వుమంది. ఆ విషయం మినిట్స్‌లో చేర్చలేదు.

నా పేరు పట్టాభి. సీనియర్ అసిస్టెంటుని. ముప్పై ఏళ్ల సర్వీసులో జనన మరణాలు చూశాను, వీధి దీపాలు చూశాను, రెండేళ్లు వీధి కుక్కలు కూడా నా సీటులోనే ఉన్నాయి. పళ్ళు వస్తాయని మాత్రం కల్లో కూడా అనుకోలేదు.

సంగతేమిటంటే, మా కమిషనర్ భాష్యకారులు గారు రాజధానిలో సమీక్షా సమావేశానికి వెళ్ళి మొహం వేలాడేసుకుని తిరిగొచ్చారు. అక్కడ ప్రతి పట్టణమూ ఏదో ఒకటి లేకుండా చేసుకున్నామని ప్రకటించిందట. ఒకరు ప్లాస్టిక్ రహితం, ఒకరు దోమల రహితం, ఒకరు పందుల రహితం. మా వంతు వచ్చేసరికి చెప్పుకోవడానికి ఏమీ లేక ఆయన మంచినీళ్లు తాగి కూర్చున్నారట.

"ఏమయ్యా పట్టాభీ, మనం దేని రహితం?" అన్నారు గదిలోకి పిలిచి.

నీళ్ల రహితం అని నోటి దాకా వచ్చింది. మా ఊరి కుళాయిలు రెండ్రోజులకోసారి వస్తాయి. కానీ ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది కనుక ఊరుకున్నాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. ఎదురుగా ఏరియా ఆసుపత్రి గోడ మీద, నవ్వుతున్న పాప బొమ్మ వేసి 'మీ పళ్ళను కాపాడుకోండి' అని రాసి ఉంది. ఆ గోడని మేం పదేళ్లుగా చూస్తూనే ఉన్నాం. ఎవరికీ ఏ ఆలోచనా రాలేదు. అందుకే ఆయన కమిషనరు, మేం కాము.

"దంత నష్ట రహిత పట్టణం!" అన్నారు బల్ల గుద్ది. "రాష్ట్రంలో ఎవరూ ఈ దిశగా అడుగు వేయలేదు. యుద్ధ ప్రాతిపదికన చేపడదాం. దంత విభాగం అని ఒక సీటు ఏర్పాటు చెయ్యి."

"ఎవరి కిందండీ?"

"నీ కిందే."

ఉద్యమం జూన్ నెలలో ర్యాలీతో మొదలైంది. బడి పిల్లలంతా అట్టలతో చేసిన తెల్లటి పళ్ళు నెత్తిన పెట్టుకుని మెయిన్ రోడ్డు మీద నడిచారు. పిల్లలు నీరసించిపోకుండా ఒక్కొక్కరికి రెండేసి చాక్లెట్లు, ఒక బెల్లం మిఠాయి పంచాం. ఏరియా ఆసుపత్రి పళ్ళ డాక్టరు నస్రీన్ గారిని వేదిక మీదకి పిలిచి మాట్లాడమన్నాం. ఊరంతటికీ ఉన్న పళ్ళ డాక్టరు ఆవిడొక్కరే.

"ఇందులో పెద్ద విషయం ఏం లేదండి," అన్నారావిడ. "పొద్దున్న రెండు నిమిషాలు, రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలు బ్రష్ చేసుకోండి. బఠాణీ గింజంత పేస్టు చాలు. గట్టిగా రుద్దొద్దు. ఏదన్నా తిన్నాక నోరు పుక్కిలించండి. మిఠాయిలు తగ్గించండి. చిన్న గుంట పడ్డప్పుడే వస్తే పూడ్చేస్తాను, పీకే పని..."

కమిషనర్ గారు మైకు అందుకున్నారు. "డాక్టర్ గారు కొన్ని సాంకేతిక అంశాలు ప్రస్తావించారు. వారికి కృతజ్ఞతలు. ఇక అసలు విషయానికొద్దాం. లక్ష్యసాధనలో అలసత్వం వహిస్తే ఎంతటి పన్నునైనా ఉపేక్షించేది లేదు!"

చప్పట్లు మోగిపోయాయి. నేనూ కొట్టాను.

తర్వాత దంత గణన. ఊళ్లో ఎన్ని పళ్ళున్నాయో తెలిస్తేనే గదా ఎన్ని ఊడాయో తెలిసేది. బిల్లు కలెక్టర్లూ, శానిటరీ మేస్త్రీలూ తలా ఒక టార్చిలైటు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. వాళ్ళు సరిగ్గా లెక్కపెట్టారో లేదో మళ్ళీ లెక్కపెట్టి ధ్రువీకరించే పని నస్రీన్ గారికి అప్పగించాం. దాంతో ఆసుపత్రిలో పళ్ళ విభాగం మూడు నెలలు తాళం వేసి ఉంది. నలభై ఒక్క వేల మూడువందల ఆరుగురికి గాను పది లక్షల రెండు వేల ఏడువందల పద్దెనిమిది పళ్ళు తేలాయి. ఆ అంకెని ఆఫీసు గుమ్మం ముందు బోర్డు మీద రాయించాం. ఒక్కటి కూడా తగ్గకూడదు.

గణనలో ఒక విశేషం బయటపడింది. తొమ్మిదో వార్డులో వీరభద్రం, ఆండాళమ్మ అని వృద్ధ దంపతులు. ఇద్దరికీ కలిపి ఒక్క పన్ను లేదు. ఇక ఊడే అవకాశమే లేదు కనుక లక్ష్యసాధనలో వాళ్ళది నూటికి నూరు శాతం. 'ఆదర్శ దంత కుటుంబం' అని వాళ్ళింటికి రేకు బోర్డు కొట్టించి, ఇద్దరికీ శాలువాలు కప్పాం. సన్మానంలో ఇచ్చిన ఆపిల్ పండ్ల వంక ఆండాళమ్మ గారు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తు.

ఇక డాక్టరు గారు తొందరపడి పళ్ళు పీకేయకుండా ఆసుపత్రిలో ఉన్న పటకార్లన్నీ ఒక బీరువాలో పెట్టించి, లక్క సీలు వేశాం. సీలు మీద సంతకం నాది.

ఈ హడావుడిలో నా పన్ను సంగతి నేను పట్టించుకోలేదు. పొద్దున్న ఆరింటికే క్షేత్రస్థాయి పర్యటన, రాత్రి తొమ్మిది దాకా నివేదికలు. "పళ్ళు తోముకోకుండా ఎక్కడికండీ?" అని మా ఆవిడ ధనకుమారి గుమ్మం దాకా బ్రష్షు పట్టుకుని వచ్చేది. "పళ్ళ సమీక్షకి టైమైపోయిందే," అని పరిగెత్తేవాణ్ణి. మధ్యలో ఒకసారి గుంట పూడ్పించుకుందామని ఆసుపత్రికి వెళ్ళాను. తాళం వేసి ఉంది. డాక్టరు గారు పదో వార్డులో పళ్ళు లెక్కపెడుతున్నారు. పంపింది నేనే కనుక కోప్పడే వీల్లేకపోయింది.

జూలై చివర్లో మొదటి నెలవారీ నివేదిక తయారుచేస్తూ అంకెని రెండుసార్లు సరిచూశాను. ఊళ్లో ఒక్క నెలలో ఆరువందల పన్నెండు పళ్ళు ఊడాయి. అన్నీ ప్రాథమిక పాఠశాలల్లోనే. అందులో నూట నాలుగు మూడో వార్డు బడిలోవి. కమిషనర్ గారు మండిపడి, హెడ్మిస్ట్రెస్ దగ్గర సంజాయిషీ తీసుకోమన్నారు.

హెడ్మిస్ట్రెస్ మేరీ సుగుణ గారు మర్నాడే నా బల్ల ముందుకొచ్చి నోటీసు పరిచారు.

"ఏవండీ పట్టాభి గారూ, ఏంటండీ ఇది? 'తమరి అజమాయిషీలో ఉండగా నూట నాలుగు దంతములు అదృశ్యమైనవి, కారణములు తెలుపవలెను' అంటారా? అవి పాలపళ్ళండీ బాబూ! ఆరేళ్లొస్తే ఊడతాయి. మీకు ఊడలేదా?"

"నా సర్వీసు రిజిస్టర్లో అలాంటి ఎంట్రీ లేదండి."

"మీ అమ్మగారిని అడగండి, చెప్తారు."

"ఊడకుండా చూడలేరా మేడమ్? ఒక ఆర్నెల్లు?"

ఆవిడ కళ్ళజోడు తీసి నా వంక చూశారు. ముప్పై ఏళ్లు ఒకటో తరగతికి పాఠం చెప్పినవాళ్ళు చూసే చూపు అది. నాకు తెలియకుండానే చేతులు కట్టుకున్నాను.

ఆ సాయంత్రం కూర్చుని మా దంత విభాగం నిబంధనల్లో ఏడోదానికి 'బి' క్లాజు రాశాను. చెప్పుకోకూడదు గానీ, నా సర్వీసులో అంత చక్కటి డ్రాఫ్టింగు నేనెప్పుడూ చెయ్యలేదు. 'పాలపన్ను ఊడినచో దానిని నష్టముగా పరిగణించరాదు. సదరు స్థానమునకు వారసత్వ దంతము ఆశించబడుచున్నందున, దానిని బదిలీగా నమోదు చేయవలెను. వారసత్వ దంతము ఆరు నెలలలోపు విధులలో చేరవలెను. చేరనిచో సంబంధిత వ్యక్తికి సంజాయిషీ నోటీసు జారీ చేయవలెను.' కమిషనర్ గారు చదివి, "శభాష్!" అని నా వీపు తట్టారు. ఆరువందల పన్నెండు పళ్ళూ ఒక్క సంతకంతో బదిలీ మీద వెళ్ళిపోయాయి. నష్టం మళ్ళీ సున్నా.

ఆగస్టు దాటేసరికి నా పన్ను నా చెయ్యి దాటిపోయింది. చల్లటి నీళ్ళు తాగితే జివ్వు, వేడి కాఫీ తాగితే జివ్వు. వినాయక చవితి ఉండ్రాళ్ళు నమలలేక మింగేశాను. లవంగం పెట్టుకుంటే గంటసేపు ఊరుకునేది. సెప్టెంబరు మొదటి వారంలో ఒకరోజు లేచేసరికి కుడి బుగ్గ బూరెలా పొంగింది. ధనకుమారి చూసి "అయ్యో అయ్యో" అని, నన్ను ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. గణన ముగిసి నస్రీన్ గారు సీట్లోకొచ్చి వారమే అయింది.

ఆవిడ అద్దం పెట్టి లోపలికి చూసి, అద్దం బయటికి తీసి, నిట్టూర్చారు.

"మూడు నెలల క్రితం వచ్చుంటే పూడ్చేదాన్నండి. ఇప్పుడు వేరుదాకా కుళ్ళిపోయింది, చీము పట్టింది. తీసెయ్యాల్సిందే."

"తీసెయ్యండి మేడమ్," అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లాడి గొంతులా వినపడింది.

ఆవిడ బీరువా వైపు చూపించారు. లక్క సీలు ఎర్రగా మెరుస్తోంది.

"దంత పరిరక్షణ కమిటీ అనుమతి లేకుండా సీలు తీస్తే నా మీద క్రిమినల్ కేసట. మీరే రాశారు," అన్నారు. "మందులు రాస్తాను, కొన్నాళ్ళు ఆపుతాయి. కానీ పట్టాభి గారూ, తేలిగ్గా తీసుకోకండి. చీము మెడలోకి దిగితే ప్రమాదం. త్వరగా అనుమతి తెచ్చుకోండి."

ధనకుమారి నా మొహం వంక చూసింది. నేను సీలు మీది నా సంతకం వంక చూశాను. స్పష్టంగా ఉంది.

ఆ మధ్యాహ్నమే దంత నిష్క్రమణ దరఖాస్తు పెట్టుకున్నాను. ఇన్‌వర్డులో నంబరు పడి అరగంటలో నా బల్ల మీదకే వచ్చింది. దంత విభాగం సీటు నాదే కదా. మనదే కదా అని వదిలేస్తే రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తారు. నిష్పక్షపాతంగా పరిశీలించాను. దరఖాస్తుదారు పన్ను ఫొటోలు మూడు ప్రతులు జతచెయ్యలేదు. వార్డులో మరెవరి పన్నూ ఊడబోదని హామీ పత్రం లేదు. కొర్రీ వేసి, దరఖాస్తుని నాకే వెనక్కి పంపించుకున్నాను. సాయంత్రం ఇంటికెళ్ళాక ఆ కొర్రీ చదివి, వేసినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను.

అన్నీ జతచేసి మళ్ళీ పెడితే కమిటీ ముందుకెళ్ళింది. కమిటీకి అధ్యక్షులు కమిషనర్ గారే.

"పట్టాభీ, నీ బాధ నేను అర్థం చేసుకోగలను," అన్నారాయన. "కానీ రాష్ట్ర పరిశీలక బృందం ఈ నెలాఖరుకి వస్తోంది. బోర్డు మీద అంకె చెక్కుచెదరకూడదు. ఇవాళ నీ పన్ను పోతే, రేపు ప్రజలు మనల్ని నమ్మి పళ్ళు ఉంచుకుంటారా?"

"చీము పట్టిందండి. అన్నం తిని పదకొండు రోజులైంది."

"అదీగాక, సహజ న్యాయ సూత్రాలున్నాయి. అవతలి పక్షం వాదన వినకుండా తొలగించలేం."

"అవతలి పక్షం ఎవరండీ?"

"పన్ను. నలభై ఏళ్ల సర్వీసున్న దంతం. దానికి నోటీసిచ్చి, పనితీరు మెరుగుపరుచుకోవడానికి పదిహేను రోజులు గడువివ్వాలి."

నోటీసు నేనే టైపు చేశాను. అటెండరు కోటయ్య పట్టుకొచ్చి నా ఎదురుగా నిలబడి తల గోక్కున్నాడు. "ఎవరికిమ్మంటారండీ? పన్నుగారు సంతకం పెట్టరు గదండి."

నోటీసు తీసుకోకపోతే ఇంటి తలుపుకి అంటించి పంచనామా రాయడం మా పద్ధతి. పద్ధతి ప్రకారమే కోటయ్య దాన్ని జిగురు రాసి నా బుగ్గకి అంటించాడు. చాలా సున్నితంగానే అంటించాడు పాపం. అయినా నేను పెట్టిన కేకకి పక్క సెక్షన్లోంచి జనన మరణాల వాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

పదిహేను రోజుల గడువులో నాలుగో రోజు జ్వరం వచ్చింది. ధనకుమారి రాగిజావ గరిటెతో పోస్తూ ఏడ్చింది. "ఊరందరి పళ్ళూ కాపాడతానని బయల్దేరి మీరు ప్రాణం మీదకి తెచ్చుకుంటారా?" అంది. నాకు నిజంగానే భయమేసింది. నా ఫైలు నన్ను చంపేస్తుందని అర్థమైంది. అంతకన్నా భయం, ఆ ఫైల్లో ఎక్కడా ఒక్క తప్పు కూడా లేదు.

ఐదో రోజు ఆసుపత్రికి వెళ్ళేసరికి నస్రీన్ గారు కళ్ళజోడు పెట్టుకుని మా నిబంధనల పుస్తకం చదువుతున్నారు.

"ఏడు 'బి' ఎవరు రాశారండి?" అన్నారు.

"నేనే మేడమ్," అన్నాను మూలుగుతూ.

"చాలా బాగుంది. పాలపన్ను అన్నారు. ఎన్నేళ్ల లోపువాళ్ళదో రాయలేదు."

నేను తలెత్తి చూశాను. ఆవిడ అప్పటికే తెల్ల కాగితం మీద రాస్తున్నారు. 'శ్రీ పట్టాభి, వయసు యాభై నాలుగు. కింది దవడ, కుడివైపు. పాలపన్ను. వారసత్వ దంతము ఆశించబడుచున్నది.'

"ఇది అబద్ధం కదా మేడమ్?"

"సగం అబద్ధమే. ఆశించడానికేముంది, ఆశించండి. మీకు జ్వరం నూట రెండుంది. నాకిప్పుడు పన్ను కావాలి, చర్చ వద్దు. నోరు తెరవండి."

ఏడు 'బి' వచ్చాక పిల్లల పళ్ళకి అనుమతి అక్కర్లేదని పిల్లల పటకారు ఒక్కదాన్నీ బీరువాలోంచి బయటికి తీయించాం. దాని పిడికి ఎర్ర చిలక బొమ్మ ఉంది. నస్రీన్ గారు మత్తు ఇంజెక్షనిచ్చి, చిగురు మొద్దుబారేదాకా ఆగి, ఆ చిలకతోనే పని కానిచ్చారు. అప్పటికే వేరు వదులైపోయి ఉంది. రెండు ఊపులకి వచ్చేసింది. ఇనప గిన్నెలో టంగుమని పడిన చప్పుడు విని నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అంత సుఖం నా జన్మలో ఎరగను.

వారం తిరక్కుండా ఊరంతా తెలిసిపోయింది. సోడా కొట్టు యజమానికి పాలపన్ను. రిటైర్డు తహసీల్దారుకి రెండు పాలపళ్ళు. మూడు నెలల నుంచి బుగ్గ పట్టుకుని తిరుగుతున్నవాళ్ళంతా ఆసుపత్రి ముందు వరస కట్టారు. కమిటీ సభ్యుల్లో ముగ్గురు వెనక గుమ్మంలోంచి వెళ్ళొచ్చారు. అన్నీ బదిలీలుగా రాసుకుంటూ పోయాను. పరిశీలక బృందం వచ్చేనాటికి పాలపళ్ళు బదిలీ అయిన పెద్దవాళ్ళు పదకొండువందల డెబ్బై నాలుగు మంది, నష్టం సున్నా. బృందం పెద్దాయన రిజిస్టరు తిరగేసి, "మీ ఊళ్లో బాల్యం బాగా నిలుస్తోందండీ. నీళ్ల మహత్యమా?" అన్నారు. భాష్యకారులు గారు వినయంగా తల వంచుకున్నారు. సంక్రాంతి వెళ్ళిన వారానికి రాజధానిలో షీల్డు ఇచ్చారు. వెండి రంగు పన్ను, అడుగున చెక్క దిమ్మ.

కథ అక్కడితో అయిపోవాలి. కానీ షీల్డుతో పాటు మా రిజిస్టరు కూడా రాజధాని కంప్యూటర్లలోకి ఎక్కింది. ఎక్కినది ఊరుకోదు. ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి పాకుతూ పాకుతూ విద్యాశాఖకి చేరింది. అక్కడ కంప్యూటరు చూసింది. పాలపళ్ళు ఊడే వయసువాళ్ళు గుడిమెళ్ళపాడులో పదకొండువందల డెబ్బై నాలుగు మంది ఏ బడి హాజరు పట్టీలోనూ లేరు. బడి బయటి పిల్లలు! వాళ్ళందర్నీ తక్షణం ఒకటో తరగతిలో చేర్చవలసిందిగా మార్చి మూడో వారంలో ఉత్తర్వులొచ్చాయి.

మొదటి సర్టిఫికెట్ నాది కనుక జాబితాలో మొదటి పేరు నాదే.

"వెళ్ళిరా పట్టాభీ," అన్నారు కమిషనర్ గారు షీల్డు తుడుచుకుంటూ. "వెళ్ళకపోతే నీది పాలపన్ను కాదన్నట్టు. కాదంటే అది నష్టం కిందకొస్తుంది. నష్టమైతే ఇది వెనక్కిచ్చెయ్యాలి. ఒంటిపూట బడులే కదా, మధ్యాహ్నం ఆఫీసుకి రా. మిగతావాళ్ళని దశలవారీగా పంపుదాం."

సోమవారం పొద్దున్న మేరీ సుగుణ గారు హాజరు పట్టీతో సహా మా ఇంటికొచ్చారు. "రండి బాబూ, బడికి," అన్నారు. ఆవిడ మొహంలో అంత సంతోషం నేనంతకు ముందు చూడలేదు. ధనకుమారి నా చేతికి పలకా, బ్రష్షూ ఇచ్చింది. బ్రష్షు ఎందుకంటే ఆ బడిలో ప్రతి పిల్లా బ్రష్షు తెచ్చుకోవాలట.

ఎందుకో వెళ్ళాక తెలిసింది. మధ్యాహ్న భోజనం అవ్వగానే పిల్లలంతా బక్కెట్ల చుట్టూ చేరారు. కుళాయి రాని రోజున ఇంటి నుంచి తలా ఒక సీసా నీళ్ళు తెచ్చుకుంటారు. అందరూ గ్లాసెడు నీళ్ళతో పుక్కిలించారు, తర్వాత బ్రష్షులు తీశారు. మేరీ సుగుణ గారు రెండో ఎక్కం మొదలెట్టారు. అది రెండుసార్లు అయ్యేదాకా చెయ్యి ఆగకూడదు.

"బాబూ! అంత గట్టిగా రుద్దకూడదు. గిన్నెలు తోముతున్నావా? గుండ్రంగా, మెల్లగా. లోపలి వైపు ఎవరు తోముతారు? మున్సిపాలిటీ వాళ్ళొస్తారా?"

నేను దంత విభాగం సీనియర్ అసిస్టెంటుని. పది లక్షల పళ్ళకి బాధ్యుణ్ణి. పళ్ళు తోముకోవడం ఎలాగో ఆ రోజు నేర్చుకున్నాను. ఇది ఎప్పట్నించి చేయిస్తున్నారని అడిగితే, "నేను ఉద్యోగంలో చేరినప్పట్నించీ," అన్నారావిడ. మా దగ్గర ఆ సమాచారానికి కాలమ్ లేదు.

నా పక్కన కూర్చున్న పిల్ల పేరు మోక్షిత. రెండు జడలు, పైవరసలో ముందు పన్ను లేదు. నన్ను కాసేపు ఎగాదిగా చూసి, "నీకెక్కడ ఊడింది?" అంది.

నోరు తెరిచి వేలితో చూపించాను. వంగి చూసి, "పెద్దదే," అని తలూపింది. తర్వాత తన నోరు తెరిచి చూపించింది. అక్కడ చిగురు నున్నగా ఉంది.

"నాది ఆగస్టులో ఊడింది. ఇంకా రాలేదు," అంది. గొంతు తగ్గించింది. "నువ్వెవరికీ చెప్పొద్దు. ఆఫీసు వాళ్ళు నాకు కాగితం పంపించారు. పన్ను రాకపోతే మా నాన్నని పిలుస్తారంట. మా నాయనమ్మ రోజూ నా నోట్లోకి చూసి ఏడుస్తంది. ఎవరో పట్టాభి అంట. చెడ్డోడంట."

పుస్తకాల సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టింది. చెమటకి నలిగిపోయి ఉంది. 'సదరు వారసత్వ దంతము గడువులోపు విధులలో చేరనందున, తమపై చర్య ఎందుకు తీసుకొనరాదో ఏడు రోజులలో తెలుపవలెను.' కింద సంతకం నాది. అలాంటివి ఫిబ్రవరిలో రెండువందల దాకా సంతకాలు చేశాను. ఎవరికి వెళ్తున్నాయో చూడలేదు. అది మా పద్ధతి కాదు.

నాకు సిగ్గేసింది. బుగ్గ వాచినప్పటి నొప్పి నయమనిపించింది.

మోక్షిత సంచిలోంచి పెన్సిలు తీసుకుని ఆ నోటీసు మీద అడ్డంగా రాశాను. 'ఈ పన్నుకు తొందర లేదు. వచ్చినప్పుడు వస్తుంది.' కింద సంతకం పెట్టాను. మోక్షిత కూడబలుక్కుంటూ చదివింది. తర్వాత కింది సంతకం మీద వేలు పెట్టి, పై సంతకం మీద వేలు పెట్టి, రెండూ పోల్చి చూసింది. నా వంక చూసింది.

"నువ్వేనా?"

"నేనే."

అది సంచి తీసుకుని అవతలికి జరిగిపోతుందనుకున్నాను. జరగలేదు. నా నోటి వైపు వేలు చూపించింది.

"మరి నీక్కూడా రాలేదుగా. నీకు కాగితం రాలేదా?"

వచ్చింది. సెప్టెంబరులో ఊడిన పన్నుకి మార్చితో గడువైపోయింది. అంతకు ముందు శుక్రవారమే నేను టైపు చేసి, నేను సంతకం చేసి, నాకే పంపుకున్నాను. సమాధానం ఏం రాయాలో తెలీక జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. తీసి చూపించాను.

"నీకెవరు రాస్తారు మరి?" అంది.

"ఎవరూ లేరు."

మోక్షిత నా చేతిలోంచి పెన్సిలు లాక్కుంది. తన నోటీసు మీద నేను రాసింది చూసి, నాలుక కాస్త బయటపెట్టి, ఒక్కొక్క అక్షరమే నా నోటీసు మీదకి ఎక్కించింది. 'ఈ పన్నుకు తొందర లేదు.' మిగతాది రాసే ఓపిక లేక కింద ఒక పువ్వు వేసి, తన పేరు రాసింది.

మధ్యాహ్నం ఆఫీసుకెళ్ళి ఆ కాగితానికి నంబరు వేసి ఫైల్లో పెట్టాను. మిగతా పిల్లల నోటీసులన్నిటికీ ఇదే ఉత్తర్వు వర్తిస్తుందని కింద నోటు రాసి, పైకి పంపించాను. సాయంత్రానికి ఫైలు తిరిగొచ్చింది. పువ్వు పక్కన కమిషనర్ గారు ఆకుపచ్చ సిరాతో 'ఆమోదించడమైనది' అని సంతకం చేశారు.